కాగితం మీద పెట్టలేని కారణం

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని మనకో సామెత ఉంది. దెబ్బ మామూలే, నలుగురి కంటా పడటమే అవమానమని దాని భావం. ఇదే సంగతి అంకెల్లో చూడాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత తిరగేయాలి. 2019-21లో జరిగిన ఆ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లను అడిగిన ప్రశ్నల్లో ఒకటి: ఫలానా సందర్భంలో భర్త భార్యను కొట్టడం న్యాయమేనా? సందర్భాలు ఏడు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లల్నో పట్టించుకోకపోవడం, ఎదురు వాదించడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, ఆమె మీద అనుమానం కలగడం, అత్తమామలను గౌరవించకపోవడం. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 84 మంది ఆడవాళ్లు వీటిలో కనీసం ఒకదానికి అవునన్నారు. తెలంగాణలోనూ అంతే. హిమాచల్ ప్రదేశ్‌లో ఆ సంఖ్య 15 దాటలేదు. దేశం మొత్తం మీద ఎక్కువమంది ఒప్పుకున్న కారణం అత్తమామల గౌరవం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రజాస్వామ్యంలో అధికారానికి జనం సమ్మతి కావాలంటాం. నూటికి 84 మంది సమ్మతిస్తే ఆ దెబ్బకు న్యాయం సమకూరినట్టేనా? కాదని మనసు చెబుతుంది. ఎందుకు కాదో తర్కంతో చెప్పాలంటే మాత్రం కాస్త దూరం నడవాలి. రాజనీతి తత్వంలో ఈ దారికి పబ్లిక్ జస్టిఫికేషన్ అని పేరు. తెలుగులో బహిరంగ సమర్థన అనొచ్చు గానీ, మన వాడుకలో సమర్థన అనగానే తప్పును వెనకేసుకొచ్చే వాసన కొడుతుంది. అందుకని ఇక్కడ దాన్ని ‘ముఖం మీద చెప్పగల కారణం’ అందాం. ఎవరి మీద అధికారం పడుతోందో ఆ మనిషి ముఖం చూసి చెప్పగలగాలి. విన్న మనిషి దాన్ని సాటి పౌరురాలిగా తూచి చూడగలగాలి.

ఒప్పుకోవడం, ఒప్పుకోదగ్గది

ఈ ఆలోచనకు ఇప్పుడున్న రూపం ఎక్కువగా అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1990లలో ఇచ్చింది. ఆయన మొదలుపెట్టిన చోటు మనకూ తెలిసిందే. ఒక దేశంలో ఒక మతం, ఒకే నీతి ఉండవు. అందరినీ బలవంతంగా కట్టేసే చట్టాన్ని ఒక వర్గం నమ్మకం మీదే నిలబెడితే మిగతా వాళ్లకు అది మెడ మీద కత్తి అవుతుంది. కాబట్టి చట్టం వెనకున్న కారణం స్వేచ్ఛ, సమానత్వం ఉన్న పౌరులు సహేతుకంగా ఒప్పుకోదగ్గదై ఉండాలి.

ఒప్పుకోదగ్గది అనే మాటలోని ‘దగ్గ’ దగ్గరే అసలు పని జరుగుతుంది. లెక్కలోకి వచ్చేది సర్వేలో ఎవరు చెయ్యెత్తారన్నది కాదు. చెయ్యెత్తకపోతే ఇంట్లో నిలవనీయరన్న భయం లేని మనిషి, ఎదుటివాళ్లతో సమానంగా కూర్చున్న మనిషి, అదే కారణాన్ని ఒప్పుకుంటుందా అన్నది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పుట్టింటి పరువు అన్నీ ఒకే గొలుసుకు కట్టి ఉన్నప్పుడు వచ్చే అవుననే మాట ఆమె పరిస్థితిని చెబుతుంది. దెబ్బ న్యాయమైనదని అది రుజువు చేయదు. చేతికందని దాన్ని కోరుకోవడమే మానేసి, ఉన్నదాంతో తృప్తిపడేలా మనసు సర్దుకుంటుందని ఆర్థికవేత్త అమర్త్యసేన్, తత్వవేత్త మార్తా నుస్‌బామ్ చాలాకాలంగా చెబుతూ వచ్చారు. అలాగని ఆ 84 మందినీ తెలివిలేనివాళ్లని తీసిపారేస్తే అదింకో తప్పు. వాళ్లు తమ ఇంటి లెక్క తాము సరిగ్గానే వేసుకున్నారు. తప్పున్నది లెక్కకు ముందే పెట్టిన షరతుల్లో.

రాల్స్ పెట్టిన ఇంకో పరీక్ష పరస్పరత. నువ్వు చెప్పే కారణం తిప్పి చెప్పినా నిలబడాలి. మన పెద్దవాళ్లు దీన్ని ఒక్క సామెతలో పెట్టారు: అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. సర్వేలోని ఏడు కారణాలనూ తిప్పి చూడండి. భర్త చెప్పకుండా బయటికెళ్తే భార్య కొట్టొచ్చా? అతను అత్తమామల మాట లెక్కచేయకపోతే? ఏడింటిలో ఒక్కటీ తిరగదు. తిరగని కారణంలో ఉన్నది నియమం కాదు, హోదా.

మరి శాస్త్రాలనూ, మత నమ్మకాలనూ వాదనలోకి తేనే కూడదా? దీనిమీద తత్వవేత్తల్లోనే రెండు పాయలున్నాయి. అందరూ పంచుకోగల ఒకే కారణం ఉండాలని కొందరంటారు. ఎవరి కారణంతో వాళ్లు ఒకే తీర్మానానికి చేరినా చాలని జెరాల్డ్ గాస్ వంటివాళ్లంటారు. ఈ రెండో దారి మనకు కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం కోసం వాదించినప్పుడు సనాతనులతో పరాశర స్మృతి శ్లోకాలే పట్టుకుని వాదించారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వివాహం జరిగేనాటికి మానవత్వం పేర ఒప్పుకున్నవాళ్లూ, శ్లోకం పేర ఒప్పుకున్నవాళ్లూ పక్కపక్కనే ఉన్నారు. ఈ దారికి ఒక ప్రమాదం ఉంది. శ్లోకంతో గెలిచిన హక్కును రేపు ఇంకో శ్లోకంతో వెనక్కి లాగొచ్చు. అందుకే రాల్స్ ఒక మెలిక పెట్టాడు. మత కారణాలు చెప్పుకోండి, కానీ వేళకు అందరికీ చెల్లే కారణం కూడా చూపించండన్నాడు.

గడప దగ్గర ఆగిపోయిన ప్రశ్న

ఈ సిద్ధాంతంలో ఒక పెద్ద కన్నం ఉంది. కారణం చెప్పాల్సింది రాజ్యం బలప్రయోగం చేసినప్పుడే అంటే, రాజ్యం కలగజేసుకోనప్పుడు ఏ కారణమూ చెప్పనక్కర్లేదని అర్థం వస్తుంది. ఇంట్లో దెబ్బలు పడుతుంటే పోలీసు గుమ్మం బయటే ఆగిపోవడం తటస్థతలా కనిపిస్తుంది. స్త్రీవాద తత్వవేత్త సూజన్ మోలర్ ఓకిన్ 1989లో ఈ లోపాన్నే పట్టుకుంది. న్యాయ సిద్ధాంతమంతా బడి, కోర్టు, మార్కెట్ చుట్టూ తిరిగి, ఆడపిల్ల మొదటిసారి అసమానత నేర్చుకునే వంటిల్లు వదిలేసిందని ఆమె వాదన. రాల్స్ 1997లో జవాబిచ్చాడు. కుటుంబం లోపలి ప్రతి పనినీ న్యాయ సూత్రాలు నేరుగా నడపవు గానీ, భార్య పౌరసత్వపు హక్కులు గడప దగ్గర ఆగిపోవని, న్యాయానికి మినహాయింపు అయిన ప్రైవేటు చోటంటూ ఏదీ లేదని దాని సారం. ఈ జవాబు ఆలస్యంగా వచ్చినా సరైనదే. కాకపోతే కుటుంబంలోకి న్యాయం ఎంత దూరం, ఏ గది దాకా వస్తుందన్నది అందులో తేలలేదు.

మన దగ్గర ఆ ప్రశ్న 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చింది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వొచ్చు. టి.సరిత కేసులో జస్టిస్ పి.ఎ.చౌదరి ఆ సెక్షన్‌ను కొట్టేశారు. ఇష్టంలేని కాపురానికి కోర్టు ముద్ర వేయడమంటే ఆమె శరీరం మీద నిర్ణయాన్ని రాజ్యం తన చేతిలోకి తీసుకోవడమేనని, అది జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని ఆయన తేల్చారు. ఢిల్లీ హైకోర్టు దీనికి సరిగ్గా ఎదురు తిరిగింది. రాజ్యాంగాన్ని ఇంట్లోకి తేవడం పింగాణీ కొట్లోకి ఆంబోతును వదలడమంది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ పక్షాన నిలిచింది. 9వ సెక్షన్ ఈరోజుకీ ఉంది. ఆమె గృహహింస చట్టం కింద కేసు (డీవీసీ) వేయగానే అతను కాపురానికి రమ్మని పిటిషన్ (ఓపీ) వేయడం మన కోర్టుల్లో మామూలు ఎత్తుగడ. పింగాణీ పగిలిపోతుందని భయపడ్డవాళ్లకు కొట్లో అప్పటికే పగిలిందేమిటో కనపడలేదు.

సర్వేలో ఆ నాలుగో కారణం, పడకకు ఒప్పుకోకపోవడం, చట్టంలో ఇప్పటికీ బతికే ఉంది. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో రెండో మినహాయింపు ప్రకారం 18 ఏళ్లు నిండిన భార్యతో బలవంతపు సంభోగం అత్యాచారం కిందికి రాదు. పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో ఉన్న ఇలాంటి మినహాయింపు మీదే 2022 మే 11న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం రెండుగా చీలింది. ఒక న్యాయమూర్తి కొట్టేశారు, ఇంకొకరు నిలబెట్టారు. 2024లో కేంద్రం సుప్రీంకోర్టులో మినహాయింపును సమర్థిస్తూ అఫిడవిట్ వేసింది. పెళ్లిలో ఇలాంటి చర్యను అత్యాచారమని పేర్కొనడం మరీ కఠినమని, వివాహ వ్యవస్థకు ముప్పని దాని ధోరణి. ఈ కారణాన్ని ముఖం మీద చెప్పి చూడండి: ‘వ్యవస్థ నిలబడటానికి నీ కాదనే మాటను లెక్కలోంచి తీసేస్తున్నాం.’ తన శరీరం తనదని నమ్మే పౌరురాలు దీన్ని ఏ తూకంలో పెట్టి ఒప్పుకోవాలి? శిక్ష ఎంత ఉండాలి, రుజువు ఎలా అన్న వాదనలు వేరు. అవి సహేతుకమైన వాదనలే. నేరమే కాదనడానికి అవి చాలవు.

స్టేషన్ బల్ల దగ్గర

ఇప్పుడు తత్వం పక్కనపెట్టి ఒక బల్ల దగ్గరికి రండి. విజయవాడ సింగ్‌నగర్ నుంచో, గుంటూరు సంగడిగుంట నుంచో ఒకామె అన్నను వెంటబెట్టుకుని ఆటోలో స్టేషన్‌కు వచ్చిందనుకోండి. చెంప వాచి ఉంది. బల్ల అవతలి నుంచి వచ్చే మాటలు దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘రేపు మళ్లీ అతనితోనే కదమ్మా కాపురం. పిల్లల మొహం చూడు. కేసు పెడితే అతని ఉద్యోగం పోతుంది, మీరేం తింటారు? రేపు ఇద్దర్నీ పిలిచి కౌన్సెలింగ్ చేస్తాం.’ చెప్పేవాళ్లలో చాలామంది దుర్మార్గులేం కాదు. నిజంగానే మేలు చేస్తున్నామనుకుంటారు.

ఆ మాటలనే తెల్లకాగితం మీద రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. ‘ఫిర్యాదుదారు తిరిగి భర్తతో కాపురం చేయవలసి ఉన్నందున కేసు నమోదు చేయలేదు’ అని ఏ ఎస్సై రాసివ్వడు. పై అధికారి చూస్తే చెల్లదని, కోర్టు చూస్తే పరువు పోతుందని అతనికి తెలుసు. తత్వవేత్తలు పుస్తకాల్లో చెప్పుకునే పరీక్ష ఇక్కడ ఒక కాగితం ముక్కలో ఉంది. నోటితో చెప్పొచ్చు గానీ కాగితం మీద పెట్టలేని కారణం ముఖం మీద చెప్పగల కారణం కాదు. కాబట్టి ఆమె చేతిలో ఉన్న మొదటి సాధనం, ‘రాసివ్వండి’ అనే మాట.

ఆ మాటకు చట్టం వెనకనుంచి బలం ఇస్తుంది. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అనేది దీన్నే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. స్టేషన్‌లో కాదంటే ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో ఎస్పీకి, విజయవాడలోనైతే పోలీస్ కమిషనర్‌కు పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గర అఫిడవిట్‌తో దరఖాస్తు వేయాలి. ఈ మెట్లు దాటేసి నేరుగా కోర్టుకెళ్తే, ముందు ఎస్పీకి రాశారా అన్న ప్రశ్న దగ్గరే పిటిషన్ ఆగిపోతుంది. రిజిస్టర్ పోస్టు రసీదు పారేయకండి. ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. స్టేషన్‌కు వెళ్లిన రోజు, గంట రాసి పెట్టుకోండి. స్టేషన్లలో సీసీ కెమెరాలుండాలని, ఆ రికార్డు 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. గంట తెలియకుండా ఫుటేజీ అడిగి లాభం లేదు.

ఇందులో జనం తరచూ తప్పుగా అనుకునేవి రెండున్నాయి. ఎఫ్ఐఆర్ కట్టని పోలీసుకు జైలు అని విని ఉంటారు. న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష ఉన్నమాట నిజమే. అయితే అది అత్యాచారం, యాసిడ్ దాడి, వివస్త్రను చేయడం లాంటి కొన్ని నేరాల జాబితాకే వర్తిస్తుంది. భర్తో అత్తింటివాళ్లో పెట్టే హింసకు శిక్షవేసే పాత ఐపీసీ 498ఎ, అంటే ఇప్పటి న్యాయ సంహిత 85వ సెక్షన్, ఆ జాబితాలో లేదు. ఎక్కువమంది ఆడవాళ్లు స్టేషన్ మెట్లెక్కేది దేనికోసమో దానికే ఆ రక్షణ లేదు. రెండోది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో, కమిషనరేటులోనైతే ఏసీపీ అనుమతితో, 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపొచ్చు. 85వ సెక్షన్‌కు శిక్ష మూడేళ్ల దాకా కాబట్టి అది ఈ కిటికీలోకి వస్తుంది. కౌన్సెలింగ్ పేరుతో నెలలు గడిపితే, ఆ 14 రోజుల అనుమతి ఏ తేదీన తీసుకున్నారో అడగండి. ఇంకో సంగతి, 85 కింద ఫిర్యాదు ఆమె ఇవ్వాలి, లేదా రక్తం, పెళ్లి, దత్తత వల్ల ఆమెకు బంధువులైనవాళ్లు ఇవ్వాలి; అలాంటివాళ్లు లేకపోతే ప్రభుత్వం నోటిఫై చేసిన ఉద్యోగి ఇవ్వొచ్చు. పక్కింటివాళ్ల ఫిర్యాదుతో పోలీసులు ఆ సెక్షన్ కట్టలేరు.

రాజీ అనేది పూర్తిగా చెడ్డదని అనను. పెద్దమనుషుల పంచాయితీలో బయటపడి బతికినవాళ్లూ ఉన్నారు. ప్రశ్నల్లా రాజీకి ఆమె ఏ స్థితిలో ఒప్పుకుందన్నది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ఒక మంచి పని చేసింది. పాత సీఆర్‌పీసీ ఉన్న రోజుల్లో, మిగతా దేశంలో 498ఎ రాజీకి పనికిరాని నేరంగా ఉంటే, మన రాష్ట్రం 2003 సవరణతో కోర్టు అనుమతితో రాజీకి వీలిచ్చింది. దానికో షరతు పెట్టింది. రాజీ కోరిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవాలి, ఈలోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. ఆ మూడు నెలలే ఒప్పుకోవడాన్ని ఒప్పుకోదగ్గదిగా మార్చే గడువు. స్టేషన్ బల్ల మీద సాయంత్రం ఆరింటికి పెట్టించే సంతకానికి అలాంటి గడువేదీ లేదు. అత్యాచారం కేసుల్లోనైతే రాజీ మాటే ఎత్తకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక లైంగిక వేధింపు కేసులో నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన బెయిలు షరతును 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో కొట్టేసింది.

నమ్మకం అనే అడ్డంకి

కారణం అడిగే హక్కు ఉన్నా, అడిగినవాళ్ల మాటకు విలువ లేకపోతే అంతా వృథా. తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో దీన్ని రెండుగా విడదీసింది. మనిషి ఎవరో చూసి మాట విలువ తగ్గించడం ఒకటి. జరిగినదానికి పేరే లేక చెప్పలేకపోవడం రెండోది. గృహహింస అనే మాట 2005 చట్టం వచ్చాకే మన ఇళ్లలోకి ఎక్కువగా చేరింది. అంతకుముందు ‘మొగుడు కొడతాడు’ అనేది వర్షం పడటం లాంటి వార్త. నెల్లూరు జిల్లా దుబగుంట నుంచి మొదలైన 1990ల సారా వ్యతిరేక ఉద్యమం చేసిన పెద్ద పని ఇదే. ఇంట్లో దెబ్బనూ, ఊళ్లో ప్రభుత్వం వేలం వేసే సారా పాటనూ ఒకే వాక్యంలో కలిపి అడిగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

మొదటి రకం అన్యాయం ఎలా జరుగుతుందో చూడాలంటే ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ చాలు. ఆమె పక్కనే భర్తో అత్తగారో నిలబడి ఉంటారు. డాక్టరు ఏమైందని అడుగుతాడు. ‘బాత్రూంలో జారిపడింది’ అని పక్కనున్నవాళ్లే చెబుతారు, ఆమె తలూపుతుంది. రిజిస్టరులో అదే ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు ఆ కాగితమే తీస్తాడు. జాగ్రత్త ఎంతో కష్టమైనది కాదు. గాయం చెప్పించుకునేటప్పుడు పక్కవాళ్లను బయటికి పంపి, ఎవరు, ఎప్పుడు, దేనితో కొట్టారని ఆమె చెప్పిందో ఆమె మాటల్లోనే రాసి మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ) కట్టి, ఆసుపత్రిలోని పోలీసు అవుట్‌పోస్టుకు సమాచారం పంపాలి. అత్యాచార బాధితులకు, యాసిడ్ బాధితులకు ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని 2013లో ఒకసారి, 2022లో ఇంకోసారి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

డీవీసీలో ఏది అడగాలి

దెబ్బలు ఆగడం, ఇంట్లో చోటు, ఖర్చులకు డబ్బు కావాలనుకుంటే క్రిమినల్ కేసు కంటే డీవీసీ పనికొస్తుంది. ఇది 2005 చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. పుట్టింట్లో తాత్కాలికంగా తలదాచుకున్నా ఆ ఊరి మేజిస్ట్రేటు దగ్గరే వేయొచ్చు. మచిలీపట్నంలో కాపురం చేసి గుంటూరు చేరినామె గుంటూరులోనే వేసుకోవచ్చు. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ రక్షణాధికారి నివేదిక ఉంటే మంచిదే, లేకపోయినా పిటిషన్ చెల్లుతుందని 2022లో ప్రభా త్యాగి కేసు తేల్చింది. లాయరు ఫీజు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు, ఫోన్ నంబరు 15100. మొదటి వాయిదా మూడు రోజుల్లో వేయాలని, ఆ వాయిదా నుంచి 60 రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆ 60 రోజులు ఎక్కువగా నోటీసు దగ్గరే కరిగిపోతాయి. తలుపు తాళం, చిరునామా తప్పు, ఊళ్లో లేరు. కాబట్టి పని చేసే చోటు చిరునామా, ఫోన్ నంబరు పిటిషన్‌లోనే పెట్టండి.

అడిగే తీరులో చాలా కేసులు దెబ్బతింటాయి. ఉత్తర్వు ధిక్కరిస్తే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా ఉన్నది 18వ సెక్షన్ కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వుకు. నివాసం, డబ్బు మాత్రమే అడిగి రక్షణ అడగకపోతే ఆ కోర చేజారుతుంది. ఇల్లు అత్తగారి పేర ఉందని భయపడనక్కర్లేదు. 2006 నాటి బాత్రా తీర్పు అలా అంది గానీ 2020 అక్టోబరులో సతీష్ చందర్ ఆహుజా కేసులో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టింది. అదే సమయంలో అత్తను, ఆడపడుచును ఇంట్లోంచి పంపేయమని అడగొద్దు. ఆడవాళ్లను ఖాళీ చేయించే ఉత్తర్వు ఈ చట్టం ఇవ్వనివ్వదు. భరణం కోసం ఇద్దరూ ఆస్తి, ఆదాయ అఫిడవిట్లు వేయాలని 2020 నవంబరులో రజనీష్ కేసు చెప్పింది. జీతగాడైతే యజమాని నుంచే కోత పెట్టించమని కోరవచ్చు.

నిందితుడి ముఖం

ముఖం మీద చెప్పగల కారణం రెండు వైపులా కోసే కత్తి. అరెస్టయ్యేవాడూ పౌరుడే. ‘అందరూ కలిసి వేధించారు’ అని రాసి, హైదరాబాద్‌లో ఉండే మరిది నుంచి అమెరికాలోని ఆడపడుచు దాకా పేర్లు ఎక్కిస్తే వాళ్లు దేనికి జవాబు చెప్పాలి? 2022 ఫిబ్రవరిలో కహ్కషాన్ కౌసర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి గంపగుత్త ఆరోపణలను కొట్టేసింది. తేదీ, చోటు, చేసిన పని, అన్న మాట ఒక్కొక్కరికి విడిగా రాసిన ఫిర్యాదు నిలబడుతుంది. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు కూడా అరెస్టుకు కారణం రాయమంది, అరెస్టు చేయకపోయినా కారణం రాయమంది. దుర్వినియోగాన్ని ఆపే సరైన దారి అదే. 2017లో సుప్రీంకోర్టు వేరే దారి తొక్కింది. ప్రతి 498ఎ ఫిర్యాదూ ముందు ఒక కుటుంబ సంక్షేమ కమిటీ చూడాలంది. చట్టంలో లేని కమిటీ అని 2018లో తానే వెనక్కి తీసుకుంది. అలహాబాద్ హైకోర్టు 2022లో రాసిన రెండు నెలల ఆగుదల, కమిటీ పద్ధతిని 2025 జులైలో మళ్లీ ఆమోదించింది. హత్యాయత్నం కేసులో ముందు పెద్దమనుషులను కూర్చోబెట్టమని ఎవరూ అనరు. పెళ్లి జరిగి ఉండటం వల్లే ఆమె ఫిర్యాదుకు రెండు నెలలు ఆగాలనడానికి ఏ కారణం తిరగేసి చెప్పగలమో నాకు తోచలేదు.

గుంపు కోసం చేసే న్యాయం ఇంకా ప్రమాదం. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఊరంతా భగ్గుమంది, ఎవరో ఒకరిని చూపించాల్సిన ఒత్తిడి వచ్చింది. ఒక యువకుడిని పట్టుకున్నారు, 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. కేసు తర్వాత సీబీఐ చేతికి వెళ్లింది. ఆ తల్లిదండ్రులకూ, ఆ యువకుడికీ ఒకే తప్పు జరిగింది. చెప్పిన కారణం నిజమా అని ఎవరూ చూడలేదు. 2019 డిసెంబరు 6న హైదరాబాద్ దగ్గర పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో పోలీసుల కథనం నమ్మశక్యంగా లేదని తేల్చింది. ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ. రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఫోరెన్సిక్ నివేదిక రావడానికి పట్టే కాలం, కోర్టుల ఖాళీలు అలాగే ఉంచి 21 రోజులు రాస్తే, ఆ అంకె ఊరేగింపుకు పనికొస్తుంది. ఆమె వాంగ్మూలానికి, అతని జవాబుకు పనికిరాదు.

అందుకే డీవీసీలో ఉత్తర్వు వచ్చినరోజు నకలు ఉచితంగా తీసుకోండి, ఇవ్వాల్సిన బాధ్యత కోర్టుది. చేతికందిన రోజు నుంచి సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులుంటాయి. అందరూ ఆఖరి పేరా చదివి మడిచేస్తారు. చదవాల్సింది దానికి ముందు పేజీలు. ఆమె చెప్పిన ఏ మాట నమ్మారో, ఏది నమ్మలేదో, ఎందుకో అక్కడ ఉండాలి. ‘ఇరుపక్షాల వాదనలు విని, రికార్డు పరిశీలించి, పిటిషన్ కొట్టివేయడమైనది’ అన్న ఒక్క వాక్యమే కనిపిస్తే, అప్పీలు మెమోలో మొదటి గ్రౌండు అదే రాయించండి.